ముద్దకో వాక్యం

ఆ వానాకాలం మా ఇంట్లో మంచినీళ్లని చూస్తే భయం. వీధిలో మోకాలిలోతు నీళ్లు పారుతున్నా, వరండా గోడ నాని పెచ్చులూడుతున్నా మేం పట్టించుకోలేదు. మా భయమంతా వంటింటి గట్టు మీద గ్లాసులో ఉన్న నీళ్ల గురించే. ఆ గ్లాసు పొరపాటున మా అత్తయ్య చేతికి అందిందా, మామూలు మనిషి తాగినట్టు ఆవిడ ఒక గుక్క తాగిందా, అది కడుపులోకి పోకుండా ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. ఆ తర్వాత ఏమవుతుందో ఆసుపత్రిలో విడమర్చి చెప్పారు. నేను సగం విని, మిగతా సగం వినలేక కిటికీ బయటికి చూశాను.

ఎండలు ముగిసేవేళకి అత్తయ్యకి చిన్న స్ట్రోకు వచ్చింది. చెయ్యి మళ్లీ పనిచేసింది, కాలు మళ్లీ పనిచేసింది. మాటకైతే ఏ లోటూ రాలేదు, ఆ మాటల ధాటికి వార్డులో నర్సులే జడిశారు. కానీ గొంతు లోపల, అన్నం దారీ గాలి దారీ విడిపోయే చోట ఒక తలుపు లాంటిది ఉంటుందట. అది సమయానికి మూసుకోవడం మానేసింది.

అత్తయ్య ముప్పైయేళ్లు ఒక సినిమాహాల్లో టిక్కెట్ల కిటికీ వెనక కూర్చుంది. ఆట మొదలయ్యాక కిటికీ మూసేసి, డబ్బా తెరిచి, దాని మూతకి ఒక డిటెక్టివ్ నవల ఆనించుకుని తినేది. ఉద్యోగం పోయినా ఆ అలవాటు పోలేదు. ఇంట్లో డబ్బా మూత బదులు నీళ్ల జగ్గు, అంతే తేడా. కుడిచేత్తో తినడం, ఎడమచేత్తో పేజీ తిప్పడం, రెండు పాదాలూ బల్ల కింద పడుకున్న కుక్క వీపు మీద పెట్టుకోవడం. ఆ కుక్క పేరు మేనేజరు. ఇంటికి ఎవరొచ్చినా పైనుంచి కిందిదాకా చూసి, పనికిరారని తేల్చేసినట్టు మొహం తిప్పుకునేది. అందుకని అత్తయ్యే ఆ పేరు పెట్టింది.

"తిండీ, పుస్తకమూ, కాళ్లకింద వెచ్చగా ఇదీ. ఇంతకంటే స్వర్గంలో ఏముంటుందే? అక్కడ కుక్కల్ని రానిస్తారో లేదో కూడా తెలీదు" అనేది నాతో.

ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన వారంలోనే ఆ టీ సంగతి జరిగింది. ఏది తాగినా చిక్కబరిచే పొడి కలిపి, తేనెలా చేసుకుని తాగాలన్నారు. ఆ పొడి కలిపిన టీని అత్తయ్య చెంచాతో పైకెత్తి చూపించి, "దీంతో గోడకి పోస్టర్లు అంటించుకోవచ్చురా" అంది కొడుకుతో. తరవాత బతిమాలడం మొదలుపెట్టింది. "ఒక్క గుక్కరా. అసలైన టీ. ఒక్క గుక్కకి చచ్చిపోను."

మా ఆయన లిఫ్టులు బాగుచేస్తారు. పదంతస్తుల గోతిలోకి వంగి పనిచేసే మనిషి, వాళ్లమ్మ బతిమాలితే మాత్రం నిలబడలేరు. అరకప్పు తెచ్చిచ్చారు. నేను వద్దనేలోపే కప్పు ఆవిడ పెదవుల దగ్గరికి చేరింది.

దగ్గు వస్తే బాగుండేది. దగ్గు రాలేదు. అసలు ఏ చప్పుడూ రాలేదు. కప్పు పక్కకి ఒరిగింది, టీ బల్ల అంచుదాకా పారి కిందికి కారింది, అత్తయ్య మాత్రం నోరు తెరుచుకుని, కూర్చున్నది కూర్చున్నట్టే ఉండిపోయింది. మా ఆయన "అమ్మా, అమ్మా" అంటూ వీపు చరుస్తున్నారు. నేను ముందు మోకాళ్ల మీద కూలబడి, ఆవిడ బుగ్గలు రెండూ పట్టుకుని ముఖంలోకి చూస్తున్నాను. పెదవులు నీలం తిరిగాయి. ఆ కళ్లు నా కళ్లనే పట్టుకుని ఉన్నాయి. ఎంతసేపో నాకు తెలీదు. చివరికి తలుపు సందులో గాలి దూరినట్టు ఒక సన్నటి ఈల వినిపించింది, దాని వెనకాలే దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. మా ఆయన నేలమీద చతికిలబడి, రెండు చేతుల్లో తల పెట్టుకున్నారు. నేను ఆవిడ బుగ్గలు వదల్లేదు, వదిలితే మళ్లీ ఊపిరి ఆగిపోతుందేమో అనిపించింది.

మర్నాడే మింగుడు డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తాం. ఆవిడ అసలు హోదా చెప్పాలంటే నాకిప్పటికీ నోరు తిరగదు. మింగడం నేర్పుతుంది కనక మేం పెట్టుకున్న పేరది. చిన్నపిల్లే, కానీ మాట ఖచ్చితం.

"నిటారుగా కూర్చోవాలి అమ్మగారూ. చిన్న చెంచా. గడ్డం ఛాతీకి ఆనించి మింగాలి. ఖాళీ నోటితో ఇంకోసారి మింగాలి. ఆ తర్వాత గట్టిగా 'ఆ' అనాలి."

"మింగాక మళ్లీ ఆ రాగం ఎందుకమ్మా?" అంది అత్తయ్య.

"మీ గొంతు వినడానికి. నీళ్లలోంచి మాట్లాడినట్టు గరగరమందంటే అక్కడేదో మిగిలిపోయిందని గుర్తు. వెంటనే దగ్గి, మళ్లీ మింగి, మళ్లీ అనాలి. శుభ్రంగా వస్తేనే ఇంకో చెంచా."

"ముద్ద ముద్దకీ 'ఆ' అనాలా? నేనేమన్నా పళ్ల డాక్టరు కుర్చీలో కూర్చున్నానా?"

"పోనీ మీకిష్టమైంది మాట్లాడండి. నాకు కావలసింది గొంతు వినపడటమే."

అత్తయ్య కాసేపు ఆలోచించింది. "ముద్దకో వాక్యం చదువుతాను. నవల్లోంచి. పనికొస్తుందా?"

డాక్టరమ్మ మొదటిసారి నవ్వి, బ్రహ్మాండంగా పనికొస్తుందంది. మేం లేచాక మాత్రం నన్ను గుమ్మం దగ్గర ఆపి గొంతు తగ్గించింది. "బరువు చూస్తూ ఉండండి. తగ్గుతూ పోతే నోటితో తినిపించడం ఆపేసి, పొట్టలోకి గొట్టం వెయ్యాల్సొస్తుంది."

"నాకు చెముడు లేదమ్మా" అంది అత్తయ్య వెనకనించి. "గొట్టం వేశాక నన్ను పూలకుండీల పక్కన కూర్చోపెట్టెయ్యండి. పొద్దున్నా సాయంత్రం అన్నిటికీ కలిపి నీళ్లు పోసెయ్యొచ్చు." అని తనే నవ్వింది. నవ్వుతూ నా మణికట్టు పట్టుకుంది. ఆ పట్టు ఇంటికి చేరేదాకా వదల్లేదు.

అలా మొదలైంది. బంగాళదుంప మెత్తగా మెదిపి, గుమ్మడికాయ ఉడికించి వడగట్టి, జావ గంటె జారుడుగా కాచి నేను గిన్నెల్లో పెట్టేదాన్ని. అత్తయ్య తన బీరువాలోంచి అట్టలూడిపోయిన ఒక పాత డిటెక్టివ్ నవల తీసింది. మొదటి పేజీలు ఎలకలు కొట్టేశాయి, పేరేమిటో ఎవరికీ తెలీదు. ఒక లాడ్జి యజమానురాలు లోపల గడియ వేసుకున్న గదిలో చచ్చిపడి ఉంటుంది. చంపింది వంటవాడా, పైగదిలో అద్దెకుండే సంగీతం మాస్టారా, ఎప్పుడూ తడిగొడుగుతో తిరిగే మేనల్లుడా అన్నది కథ.

మొదటి పూటలు నరకంలా గడిచాయి. ఆవిడ మింగితే నేనూ మింగేదాన్ని. ఎదురుగా కూర్చుని, కనుబొమల దగ్గరనించి గడ్డందాకా ఆవిడ ముఖంలో ఏ కండ కదులుతుందా అని గుడ్లప్పగించి చూసేదాన్ని. అసలు మనుషుల ముఖాల్లోకి అలా చూడటమే నా వృత్తి. కళ్లజోళ్ల షాపులో పని. ఫ్రేము ముక్కు మీద సరిగ్గా కూర్చుందా, చెవి వెనక ఒరుసుకుంటోందా అని రోజంతా అపరిచితుల మొహాలు జానెడు దూరంలోంచి చూస్తుంటాను. ఆ అలవాటే ఇంట్లోనూ పనిచేసింది.

రెండో రోజు సాయంత్రమే అత్తయ్య చెంచా కింద పెట్టేసింది.

"అమ్మాయ్, నువ్విలా మింగేసేలా చూస్తుంటే నేనేం మింగను? అటు గోడవైపు తిరిగి కూర్చో."

"డాక్టరమ్మ కనిపెట్టుకుని ఉండమంది కదండీ."

"గొంతు వినమంది. వినడానికి చెవులు చాలు. తిరుగు."

ఆవిడ తినడమే ముఖ్యం కనక తిరిగాను. అప్పట్నించీ మూడు పూటలా అదే ఏర్పాటు. నేను వంటింటి గుమ్మంలో స్టూలు వేసుకుని, వీపు అత్తయ్యవైపు పెట్టి కూర్చునేదాన్ని. వెనక చెంచా గిన్నెకి తగిలిన చప్పుడు వినిపించేది. తరవాత నిశ్శబ్దం. తరవాత అత్తయ్య గొంతు, టిక్కెట్ల కిటికీలోంచి వీధి చివరిదాకా వినిపించిన గొంతు, శుభ్రంగా పలికేది.

"ఇన్‌స్పెక్టరు గొడుగు ముడిచి లోపలికి వచ్చాడు."

హమ్మయ్య. ఒక ముద్ద దిగింది. మళ్లీ చెంచా, మళ్లీ నిశ్శబ్దం.

"గదిలో దీపం ఇంకా వెలుగుతూనే ఉంది."

పోయిన ప్రాణం లేచొచ్చేది. అలా పూటకి ఎన్నిసార్లు పోయి ఎన్నిసార్లు వచ్చిందో. కానీ గిన్నె ఖాళీ అయ్యేది. గరగర ఒక్కసారి కూడా వినపడలేదు. తిన్నాక అత్తయ్య తన గిన్నే చెంచా తనే కడుక్కుంటానని పట్టుబట్టేది, "చేతికి కసరత్తే" అని. ఆవిడ పౌరుషం చూసి మాకు ముచ్చటేసింది.

నవల మా అందర్నీ పట్టుకుంది. హంతకుడెవరో తెలియాలంటే అత్తయ్య తినాలి. మా ఆయన పనినించి రాగానే చేతుల గ్రీజు కూడా కడుక్కోకుండా, "మధ్యాహ్నం జావలో ఏం తేలింది?" అని అడిగేవారు. ఎదురింటి కుట్టుపిన్ని, అందరి జాకెట్లూ కుట్టే మనిషి, సాయంత్రాలు వచ్చి గుమ్మం బయట కూర్చునేది. సంగీతం మాస్టారి మీద ఆవిడకి మొదట్నించీ అనుమానం. అంతటితో ఊరుకుంటే బాగుండేది.

"జాగర్త అక్కయ్యగారూ" అంది ఒకరోజు. "మా పెదమావగారు అరటిపండు తింటూ పోయారు. నిక్షేపంలాంటి మనిషి. సగం పండు చేతిలోనే ఉంది."

"మిగతా సగం ఎవరు తిన్నారు?" అంది అత్తయ్య.

పిన్ని నవ్వింది, మా ఆయన నవ్వారు, నేనూ నవ్వాను. ఆ రోజు మాత్రం గిన్నె ముందు అత్తయ్య చాలాసేపు కూర్చుంది. నాకు వీపు వెనక చెంచా చప్పుడు వినపడక, తిరిగి చూడటానికి వీల్లేక, గుమ్మం చెక్క గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. చివరికి వాక్యం వినపడింది, అదీ ఎప్పట్లాగే గంట కొట్టినట్టు.

నా భయం తగ్గలేదు. కుక్కరు కూసినా ఉలిక్కిపడేదాన్ని. షాపులో ఫోన్ మోగితే చేతిలో అద్దం జారిపోయేది. వీధిలో ఎవరు దగ్గినా ఆగి, దగ్గు పూర్తయ్యేదాకా విని కదిలేదాన్ని. గొంతు శుభ్రంగా ఉంది, గిన్నె ఖాళీ అవుతోంది, ఇంక భయమెందుకు అని నాకు నేనే నచ్చజెప్పుకునేదాన్ని.

నెల తిరిగాక డాక్టరమ్మ అత్తయ్యని బరువుతూచే యంత్రం ఎక్కించింది. ముల్లు చూసి, దించి, మళ్లీ ఎక్కించింది.

"నాలుగు కిలోలు తగ్గారు."

"అలా ఎలా తగ్గుతారు?" అన్నాను. "గిన్నె ఖాళీ అవుతోందండీ. నవల సగమయింది."

"గొంతు ఎలా ఉంటోంది?"

"అద్దంలా ఉంటోంది. ఒక్కసారి కూడా గరగర రాలేదు."

డాక్టరమ్మ నొసలు ముడిపడింది. తిన్నది ఒంటికి పట్టకపోతే లోపల ఇంకేదైనా ఉందేమో చూడాలంది. రక్తం తీయించమంది, కడుపు స్కానింగ్ అంది. "ఏదేమైనా ఇంకో రెండు వారాలు చూద్దాం. అప్పటికీ ఇలాగే తగ్గితే ఇంక వాయిదా వెయ్యడానికి లేదు, గొట్టమే."

ఇంకేదైనా అంటే ఏమిటో మా ఆయనా నేనూ పైకి అనుకోలేదు. ఇద్దరి మనసులోనూ ఉన్నది ఒకటే జబ్బు పేరు. దారంతా అత్తయ్య ఒక్క ముక్క మాట్లాడలేదు. ఆవిడ నోరు మెదపకుండా అంత దూరం నడవడం నేను అంతకుముందు ఎన్నడూ చూడలేదు. గొడుగు కింద ఆవిడ భుజం నా భుజానికి తగులుతుంటే, లోపల ఎముక ఎంత పైకి వచ్చిందో తెలిసింది.

ఆ ఆదివారం మా ఆయన వరండాలో కూర్చుని, మేకూ సుత్తీ పెట్టి మేనేజరు మెడపట్టీకి కొత్త కన్నం పొడిచారు. పాత కన్నాలకి పట్టీ అందట్లేదు.

"మేనేజరుగారికి ప్రమోషన్ వచ్చింది. వానలకి షికారు లేక కొవ్వు పట్టింది" అన్నారు. నాకు నవ్వే ఓపిక లేక లోపలికి వెళ్లిపోయాను.

మర్నాడు షాపుకి ఒక టాక్సీ డ్రైవరు వచ్చాడు. మా దగ్గరే కొన్న కళ్లజోడు, కణతల దగ్గర బిగుసుకుపోయి నొప్పి పుడుతోందన్నాడు.

"మీ ఫ్రేము ముడుచుకుపోయింది, చూడండి."

"ఫ్రేము అదేనండీ. మీ మొహమే నిండింది" అన్నాను.

"నిజమే" అని బుగ్గలు తడుముకుని నవ్వాడు. "ఇంటి తిండి. ఎక్కడికి పోతుంది?"

ఫ్రేము కాళ్లు వేడి ఇసకలో పెట్టి మెత్తబరిచి, కాస్త బయటికి వంచుతున్నాను. చేతులు వాటంతటవే పనిచేస్తున్నాయి. ఎక్కడికి పోతుంది అన్న మాట దగ్గర నా చేతులు ఆగిపోయాయి. మెడపట్టీ గుర్తొచ్చింది. అత్తయ్య తనే కడుక్కునే చెంచా గుర్తొచ్చింది. గోడవైపు తిరిగిన నా స్టూలూ, బల్ల కింద కుక్కా, ఏ పూటా ఒక్క చుక్క తడి లేని ఆ గొంతూ. మింగని గొంతు శుభ్రంగా ఉండక ఏమవుతుంది? అంతలోనే, జబ్బు కాదన్నమాట అని కొంచెం ఊపిరాడింది. అలా అయితే ఈ నెలంతా ఆవిడ ఏం తిని బతికింది అన్నది తోచి, మళ్లీ ఆ ఊపిరీ పోయింది.

మధ్యాహ్నం ఇంటికి బయల్దేరుతూ, కొనేవాళ్లు మొహం చూసుకునే చిన్న చేతి అద్దం ఒకటి సంచిలో వేసుకున్నాను.

ఎప్పట్లాగే బంగాళదుంప మెదిపి గిన్నెలో పెట్టాను. ఎప్పట్లాగే స్టూలు మీద అటు తిరిగి కూర్చున్నాను. అద్దం ఒళ్లో పెట్టుకుని, కొంగు చాటునించి కొద్దిగా వంచాను. బల్ల కనిపించింది, జగ్గుకి ఆనించిన నవల కనిపించింది, అత్తయ్య కనిపించింది.

ఆవిడ మొదటి చెంచా తీసింది. నోటిదాకా వచ్చింది. అక్కడ ఆగింది. ఆవిడ కళ్లు ఆ చెంచానే చూస్తున్నాయి, మెట్ల చివర చీకట్లో కాలు పెట్టబోయే మనిషి చూసినట్టు. గట్టిగా కళ్లు మూసుకుని నోట్లో పెట్టుకుంది. గడ్డం ఛాతీకి ఆనింది. మింగాక చాలాసేపు ఊపిరి బిగబట్టి కూర్చుంది. వాక్యం చదివింది. రెండోది కూడా అంతే. మూడోది పెదవులకి తగిలింది కానీ లోపలికి పోలేదు. రెండుసార్లు ప్రయత్నించింది. మూడోసారి చెయ్యి మెల్లగా బల్ల కిందికి దిగింది. మేనేజరు నాలుక చప్పుడైనా కాకుండా పని కానిచ్చేసింది. అత్తయ్య కళ్లు తుడుచుకుని, పుస్తకంలోకి వంగి, సభలో చదివినట్టు చదివింది.

"సంగీతం మాస్టారు ఆ రాత్రి గదిలో లేడని వంటవాడు చెప్పాడు."

నేను అద్దం మీద చెయ్యి కప్పేశాను. లేచి బల్ల దగ్గరికి వెళ్లాను. అత్తయ్య చెంచా గబుక్కున గిన్నెలో పెట్టి, నా చేతిలోకి చూసింది.

"షాపునించి తెచ్చావా?"

"అవునండీ."

"ఎన్నాళ్లనించి చూస్తున్నావు?"

"ఇవాళే."

నేను అరవలేదు. ఇంకో గిన్నెలో నాకూ అదే ముద్ద పెట్టుకుని, ఎదురుగా కాకుండా ఆవిడ పక్క కుర్చీలో కూర్చున్నాను. బయట వాన జోరు పెరిగింది.

"భయమేస్తోందా అత్తయ్యా?"

"నీకెయ్యట్లేదూ?"

"నాకు చచ్చేంత భయంగా ఉంది."

"తెలుసు. నెల్లాళ్లనించీ నీ వీపు చూస్తున్నాగా. కర్రలా బిగుసుకుని ఉంటుంది." అత్తయ్య గిన్నెలో చెంచా అటూ ఇటూ తిప్పింది. "ఆ రోజు టీ తాగినప్పుడు నాకేం తెలీలేదే. గాలాడలేదు, అంతే. వస్తుందిలే అనుకున్నా. ఎదురుగా నీ మొహం చూశాను చూడూ, అప్పుడు తెలిసింది పోతున్నానని. ఇప్పుడు చెంచా ఎత్తితే చాలు, ఆ మొహమే కనపడుతోంది. నిన్ను గోడవైపు తిప్పినా కనపడుతోంది."

నా మొహం నాకు బరువుగా అనిపించింది, దాన్నెక్కడ పెట్టుకోవాలో తెలీలేదు.

"పూటకి రెండు మూడు చెంచాలు తింటున్నాను, ఒట్టు. ఆపైన చెయ్యి రాదు. తినాలంటే భయం. తినకపోతే గొట్టమని భయం. మీకు చెబుదామంటే, వాడేమో తనే టీ ఇచ్చానని అప్పట్నించీ నా మొహం చూడలేకపోతున్నాడు, నువ్వేమో ఇలా. ఎవరికి చెప్పను? అందుకని దీన్ని మేపాను." చివరి మాట దగ్గర ఏడ్చేసింది. మా అత్తయ్య ఏడవగా నేను చూసింది అదే మొదటిసారి.

"అయితే ఇలా చేద్దాం" అన్నాను. ముందుగా ఆలోచించుకున్నదేం కాదు, నోటికొచ్చింది. "నేనూ మీతోపాటు తింటాను, ముద్దకి ముద్ద. నేను మీ మొహం చూడను, మీరు నా మొహం చూడొద్దు. ఇద్దరం మేనేజర్ని చూద్దాం."

మేనేజరు మా ఇద్దరి కుర్చీల మధ్యా చేరి, నాలుగో చెంచా ఇంకా ఎందుకు రాలేదన్నట్టు పైకి చూస్తోంది.

"కుక్కని చూస్తూ తినాలా?" అంది అత్తయ్య ముక్కు చీదుకుంటూ.

"అవునండీ. దానికి మన గురించి భయం లేదు. దాని బెంగంతా గిన్నె గురించే."

ఇద్దరం చెంచాలు ఎత్తాం. కిందికి, ఆ కళ్లలోకి చూస్తూ నోట్లో పెట్టుకున్నాం. అలా చూస్తే గడ్డం దానంతటదే ఛాతీకి ఆనుతుందని నాకప్పుడే తెలిసింది. నేను మింగాను. పక్కన ఆవిడ మింగింది. ఇంకోసారి మింగింది. పుస్తకం వైపు వంగి, నోరు తెరిచింది.

"మేనల్లుడు కుర్చీలోంచి లేచి..."

నీళ్లలోంచి మాట్లాడినట్టు, బుడబుడమని, గరగరమని వచ్చింది ఆ గొంతు. నెల్లాళ్లలో నేను ఎన్నడూ వినని గొంతు. తల తిప్పి ఆవిడ ముఖం చూడాలని మెడ నరాలన్నీ లాగుతున్నాయి. చూడలేదు. మేనేజరు కళ్లనే చూశాను, అందులో కిటికీ వెలుగు ఒక చుక్కలా కనిపిస్తోంది.

"దగ్గండి" అన్నాను. మామూలుగా ఉప్పు అందుకోమన్నట్టే అనడానికి ప్రయత్నించాను.

దగ్గింది. మింగింది. "మేనల్లుడు..." ఇంకా గరగర ఉంది. నా వేళ్లు బల్ల అంచుని పట్టుకున్నాయి. బల్ల కింద ఆవిడ చెయ్యి వచ్చి నా మోకాలు పట్టుకుంది. మళ్లీ దగ్గింది, ఈసారి పొట్టలోంచి. మళ్లీ మింగింది.

"మేనల్లుడు కుర్చీలోంచి లేచి తలుపువైపు నడిచాడు."

శుభ్రంగా వచ్చింది. ఇద్దరం కుక్కని చూస్తూనే కాసేపు ఊపిరి పీల్చుకున్నాం. తరవాత ఇంకో చెంచా ఎత్తాం. ఆ గిన్నె ఖాళీ అయ్యేసరికి నా మధ్యాహ్నం సెలవు దాటిపోయింది, షాపువాళ్లు రెండుసార్లు ఫోన్ చేశారు. నేను తియ్యలేదు.

మా ఆయనకి సాయంత్రం చెప్పాం. ఆయన బయట కుళాయి దగ్గర చాలాసేపు చేతులు కడుక్కుని, లోపలికి వచ్చి మూడో కుర్చీ లాక్కుని, "నాకూ పెట్టు" అన్నారు. ఆ తర్వాత మా ఇంట్లో మూడు పూటలా ముగ్గురం మెత్తటి ముద్దలే తిన్నాం. మేనేజరుకి మాత్రం ఒక్క చెంచా దక్కలేదు. అంతటి అన్యాయాన్ని అది జీర్ణించుకోలేక, అరమూతల కళ్లతో మా ముగ్గుర్నీ ఒక్కొక్కర్నే చూసేది.

అంతటితో కష్టం గట్టెక్కిందని కాదు. అసలు భయం అప్పుడే మొదలైంది, ఎందుకంటే ఇప్పుడు ఆవిడ నిజంగా తింటోంది. ప్రతి పూటా ఎక్కడో ఒకచోట గొంతు గరగరమనేది. కొన్నిసార్లు దగ్గి దగ్గి కళ్లలో నీళ్లు తిరిగి, ఇంక చాలని గిన్నె తోసేసేది. ఒక సాయంత్రం ఒళ్లు వెచ్చబడింది. ఛాతీలోకి పోయి ఉంటుందని ముగ్గురం బిక్కచచ్చిపోయి, వానలో ఆటో దొరక్క, పిన్ని అల్లుడి స్కూటరు మీద ఆవిణ్ని మధ్యలో కూర్చోపెట్టి ఆసుపత్రికి తీసుకెళ్లాం. అది ఉత్త జలుబని చెప్పేదాకా మా ఆయన నిలబడ్డచోటునించి కదల్లేదు. ఇంటికొచ్చాక అత్తయ్య దుప్పటి కప్పుకుని, "రేపట్నించి గొట్టమే వేయించెయ్యండిరా, మీ మొహాలు చూడలేకపోతున్నాను" అంది. పొద్దున్నే లేచి తనే బల్ల దగ్గరికి వచ్చి కూర్చుంది.

రెండు వారాలకి డాక్టరమ్మ మళ్లీ యంత్రం ఎక్కించింది. ముల్లు ఊగి ఊగి నిలబడింది.

"పెరగలేదు" అంది. "తగ్గనూ లేదు." పోయిన నెల సంగతంతా నేను చెప్పేశాను. డాక్టరమ్మ కాగితాలు తిరగేసింది. "రక్తమూ స్కానింగూ బాగానే ఉన్నాయి. గొట్టం సంగతి వచ్చే నెల మాట్లాడుకుందాం" అంది. వద్దనలేదు, వచ్చే నెల అంది. మాకు అదే చాలు.

మా ఆయన అక్కణ్నించి అటే పనికి వెళ్లిపోయారు. అత్తయ్యా నేనూ బస్సు దిగి మా వీధిలోకి మలుపు తిరిగాం. వాన వెలిసింది. చెట్ల మీదనించి ఇంకా చినుకులు రాలుతున్నాయి. రొట్టెల దుకాణంవాడు అప్పుడే పొయ్యి తలుపు తీసినట్టున్నాడు, వేడి వాసన వీధంతా కమ్మేసింది. అత్తయ్య నడుస్తున్నదల్లా టక్కున ఆగిపోయింది. ఒక చేత్తో గోడ పట్టుకుంది.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. కళ్లు తిరుగుతున్నాయా, మళ్లీ స్ట్రోకా, ఆటో ఎక్కడుంది, ఎవర్ని పిలవాలి. "ఏమైందండీ? అత్తయ్యా, ఏమైంది?" అంటూ ఆవిడ ముఖంలోకి వంగాను.

అత్తయ్య నన్ను ఎగాదిగా చూసింది.

"ఆకలేస్తోందే" అంది.

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆ మాట మా ఇంట్లో ఎవరూ అనక ఎన్నాళ్లయిందో.

"చెవులు కూడా పోయాయా? ఆకలేస్తోందంటున్నాను. ఇంటికెళ్లి ఏదో ఒకటి పెట్టు, గరగరమన్నా సరే. నడువు." అని గోడ వదిలేసి, నన్ను దాటుకుని ముందుకి నడిచింది.

భయం వేసింది. ఇంటికెళ్లగానే మళ్లీ గిన్నె, మళ్లీ చెంచా, మళ్లీ ఆ నిశ్శబ్దం. అయినా గొడుగు ముడుచుకుని, ఆవిణ్ని అందుకోవడానికి గబగబా నడిచాను.